పేరు కొట్టిన గ్లాసు

గిరీష్ అప్పటికి 'అందువల్ల'ను 'తత్కారణంగా' అని మార్చాడు. అది మరీ పాతబడ్డ వాసన వేస్తోందని 'ఈ నేపథ్యంలో' చేశాడు. తెర మీద ఎర్రగా ఉన్న వాక్యం పసుపు రంగులోకి దిగింది. ఇంకో రెండు మాటలు మారిస్తే తెల్లబడుతుంది. తెల్లబడ్డ వాక్యం ఇక ఎవరిదీ కాదు. ఎవరిదీ కాదు గనక డబ్బు కట్టినాయనది.

గోపన్‌పల్లిలో, యూనివర్సిటీ వెనక గేటుకు ఎదురుగా, మొదటి అంతస్తులో ఉందా షాపు. బోర్డు మీద 'జిరాక్స్, బైండింగ్, థీసిస్ టైపింగ్' అని పెద్ద అక్షరాలు. కింద 'పర్సంటేజీ తగ్గించబడును' అని చిన్న అక్షరాలు. పదిమంది పుస్తకాల్లోంచి ఎత్తుకొచ్చిన థీసిస్‌ను యూనివర్సిటీ సాఫ్ట్‌వేర్‌లో వేస్తే, ఇందులో ఇంత శాతం ఫలానావాళ్ళదని రంగులు పూసి చూపిస్తుంది. ఆ శాతాన్ని పదిలోపుకు దించడం గిరీష్ ఉద్యోగం. ఎత్తుకొచ్చినదాన్ని వెనక్కి ఇవ్వడం కాదు, సొంతదారులు చూసినా గుర్తుపట్టకుండా చేయడం.

నలభై దాటిన మనిషి. ప్రొద్దుటూరులో తెలుగు ఎం.ఏ. చదివాడు. జుట్టు వెనక్కి జరిగి నుదురు పెద్దదైంది గానీ, అందులో ఇదివరకటికంటే కొత్తగా చేరిందేమీ లేదు. జేబులో ఎప్పుడూ ఒక మంచి పెన్ను ఉంటుంది, దానితో రాసిందీ ఏమీ లేదు. ఆయన చేతి మీదుగా థీసిస్‌లు దాటించుకుని డాక్టర్లయినవాళ్ళు ఊరూరా ఉన్నారు. ఒక్క పుస్తకంలోనూ ఆయన పేరు లేదు. తెల్లాపూర్‌లో ఆయన కాపురముండే గేటెడ్ కమ్యూనిటీలో సెక్యూరిటీవాళ్ళకు కూడా ఆయన 'భార్గవి మేడం హస్బెండ్'. భార్గవి ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో హెచ్చార్. ఉద్యోగాలు పోయినవాళ్ళకు ఆమె పంపే ఓదార్పు మెయిలు కూడా గిరీషే మాటలు మార్చి ఇచ్చినది.

ఆ కమ్యూనిటీలో గిరీష్‌కు మంచి గిరాకీ. మొన్న స్కూల్లో పిల్లల్ని 'మా అమ్మ' మీద వ్యాసం రాయమన్నారు. తల్లులందరూ ఒకే చోటినుంచి దించి, మార్చిపెట్టమని ఆయనకే పంపారు. ఆయన ఎంత మార్చినా, అందరి అమ్మలూ తెల్లారకముందే లేచి వాకిట్లో ముగ్గు వేశారు. పదకొండో అంతస్తులో వాకిలెక్కడిదని టీచరూ అడగలేదు. ఆయన కొడుకు చిన్ను వ్యాసంలో భార్గవికి మోకాళ్ళదాకా జడ ఉంది. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళినప్పుడు, వంటింట్లో వెనక్కి తిరిగి నిలబడ్డ భార్గవికి ఒక్క క్షణం నిజంగానే అంత జడ కనిపించింది. కళ్ళజోడు తుడుచుకున్నాక పోయింది. కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాలనుకుని మర్చిపోయాడు.

బల్ల మీద పెన్నులు వేసుకున్న స్టీలు గ్లాసు ఉంది. అది కింద మెట్ల పక్కన టీ కొట్టు పెట్టిన కిష్టమ్మది. అంచు కింద చుక్కలు చుక్కలుగా 'కిష్టమ్మ' అని ఉంటుంది. ఆమె మొగుడు వీరేశం బతికుండగా, సామాను ఇరుగుపొరుగులో కలిసిపోకుండా మేకూ సుత్తీ పెట్టుకుని తనే కొట్టిన పేరు. ఎప్పుడో టీతోపాటు పైకి వచ్చిన గ్లాసు మళ్ళీ కిందికి దిగలేదు. అడిగినప్పుడల్లా గిరీష్ రేపు తెస్తాననేవాడు.

"ఉంచుకో కడప బిడ్డా, నేనేమన్న వద్దంటున్ననా. పేరు మాత్రం గీకెయ్యకు" అనేది ముసలమ్మ.

పదిన్నరకు ఓనరు రాజేందర్ కౌంటరు దగ్గరినుంచి కేకేశాడు. "గిరీషన్నా, ఎమర్జెన్సీ కేసు!"

వచ్చినమ్మాయి పేరు రోహిణి. కిష్టమ్మ మనవరాలు. చుట్టుపక్కల ఊళ్ళు అపార్టుమెంట్లు కాకముందు ఎలా ఉండేవని పీహెచ్‌డీ చేస్తోంది. చేతిలో రంగుల రిపోర్టు ఉంది.

"సార్, దీంట్ల ఒక్క ముక్క కూడా కాపీ లేదు. ఎవరిది తీసుకున్నా వాళ్ళ పేరు పెట్టిన. మా నాయినమ్మ చెప్పినయి కోట్స్‌లో పెట్టి, కింద ఆమె పేరు రాసిన. సరిగ్గా వాటికే ఎరుపొచ్చింది."

"యాడ కలుస్తాంది?"

"ఎవరో డాక్టర్ సాయిచంద్ అంట సార్. ఆయన థీసిస్‌ల ఉన్నయంట మా నాయినమ్మ మాటలు. ఆయనది ముందు సబ్మిట్ అయింది గాబట్టి, మీ నాయినమ్మనే ఆయనది చదివి చెప్పి ఉంటది అంటున్నడు మా గైడు."

"చదువుతాదా ఆమె?"

"బస్సు మీద ఊరి పేరు కూడ నన్నే అడుగుతది సార్."

రాజేందర్ నవ్వాడు. గిరీష్ నవ్వలేదు. రిపోర్టులో ఎర్రగా ఉన్న మూడు వాక్యాలూ ఆయనకు తెలుసు. సాయిచంద్ లెక్చరరు. ప్రమోషన్ కోసం డాక్టరేట్ కావలసివచ్చింది. కారు పెట్టుకోవడానికి చోటుండదని ఏ ఊరికీ పోలేదు. పేజీలు తక్కువపడితే, టీ తాగుతూ విన్న కిష్టమ్మ మాటల్ని గిరీషే ఎక్కించాడు. పైన 'పరిశోధకుని స్వీయ పరిశీలన' అని పెట్టాడు. ఆమె పేరు పెడితే పోయేదేమీ లేదు. పెట్టాలని తోచలేదు, అంతే. టీ కొట్టు మాటలకు సొంతదారులుంటారని ఎవరనుకుంటారు?

"ఈ మూడూ మార్చకుంటే గైడు సంతకం పెట్టనంటున్నడు. ఇయ్యాల్నే ఆఖరి తారీఖు. ఇయ్యకుంటే ఇన్నేండ్ల చదువు ఆగమైతది. నీ పేరు పుస్తకంల వస్తదని నాయినమ్మకు మాటిచ్చిన సార్..." ఆ అమ్మాయి రిపోర్టు మడిచింది, మళ్ళీ విప్పింది. "మార్చుండ్రి. ఏం జేస్తం."

లైబ్రరీలో, హాస్టల్లో బాకీ లేదని సంతకాలు తెచ్చుకోవడానికి వెళ్ళిపోయింది. గిరీష్ ఫైలు తెరిచాడు.

మొదటిది: 'అప్పట్ల పిలిస్తే గుట్ట మళ్ళ ఓ అనేటిది.' గిరీష్ వేళ్ళు వాటి పని అవి చేశాయి. 'గతంలో పర్వత ప్రాంతమునందు ప్రతిధ్వని లభ్యత కలదు.' ఎరుపు పోయింది.

టీకని కిందికి దిగాడు. కిష్టమ్మ ఎప్పటిలాగే పీట మీద కూర్చుని గిన్నెలో అల్లం దంచుతోంది. వంగిన నడుము, ముంజేతుల మీద పచ్చబొట్లు, ముక్కుకు ఒకవైపే పుడక. గిరీష్‌ను చూసి తల ఎత్తింది.

"ప్రతిధ్వని లభ్యత కలదు బిడ్డా" అంది.

"ఏమవ్వా?"

"అదే, గతంలో. పర్వత ప్రాంతమునందు." అల్లం దంచుతూనే ఉంది. మొహంలో ఏ తేడా లేదు, టీలోనూ లేదు. పక్కనున్న ఆటో అబ్బాయి మాత్రం, "పొద్దుగాల రేడియో ఇన్నవా అవ్వా?" అని నవ్వాడు.

గిరీష్ పైకి వచ్చాడు. మనవరాలు చదివి వినిపించి ఉంటుందని సర్దిచెప్పుకున్నాడు. కానీ తను మార్చిన ముక్క ఆ అమ్మాయి ఇంకా చూడనేలేదు. ఆ సంగతిని పక్కన పెట్టాడు. ఇలాంటివి పక్కన పెట్టడం ఆయనకు బాగా అలవాటు.

రెండోది: 'ఇప్పుడు గుట్టను పేల్చిండ్రు. నేను పిలిచిన పిలుపు పోయి ఎవలింట్ల జొరబడ్డదో.' దాన్ని 'పేలుళ్ళ అనంతరం సంబోధనలు గమ్యరహితమైనవి' అన్నాడు. తెల్లబడింది.

ఏసీ చెడిపోయి కిటికీలు తెరిచే ఉన్నాయి. కిందినుంచి కిష్టమ్మ గొంతు స్పష్టంగా వినిపించింది. "వినియోగదారుడా, చక్కెర పరిమాణము ఎంత?" మెడలో ఐడీ కార్డులు వేలాడే కుర్రాళ్ళిద్దరు పగలబడి నవ్వి, మళ్ళీ అనమని ఫోన్లు తీశారు. ఆమె మళ్ళీ అంది. వాళ్ళు నవ్వారు గనక తనూ నవ్వబోయింది, ఎందుకో తెలియనట్టు ఆగిపోయింది.

గిరీష్ పెన్ను కోసం చెయ్యి చాపి గ్లాసు వైపు చూశాడు. చుక్కలు తక్కువయ్యాయి. 'కి' ఉంది. తరవాత నున్నటి స్టీలు, అందులో ఆయన పెద్ద నుదురు. వేలితో రుద్దితే చల్లగా తగిలింది గానీ గరుకు తగల్లేదు.

"రాజేందరూ, ఈ గ్లాసు మీద ఏముండాది సూడు."

రాజేందర్ ఫోనులోంచి తలెత్తకుండానే, "పెన్నులున్నయ్ అన్నా. నువ్వు జర బువ్వ తిని పండు. ఫికర్ జేస్తె పర్సంటేజీ తగ్గుతదా?" అన్నాడు.

తినలేదు. మూడో వాక్యం మిగిలింది. అదే అన్నిటికంటే పొడుగు. 'వీరేశం పోయినంక ఇంట్ల పిలిస్తె పలికెటోళ్ళు లేరు. గుట్ట కాడికి వోయి వీరేశం అని పిలుస్తుంటి. గుట్ట ఓ అంటుండె. గదే సాలనుకుంటి. ఆఖరికి గుట్టను గూడ తీస్కపోయిండ్రు.'

సాయిచంద్ థీసిస్‌లో ఇది ఎక్కించినప్పుడు పేరొక్కటే తీసేశాడు. 'వీరేశం' ఉన్నచోట 'భర్త' అని పెట్టాడు. ఇప్పుడు ఆ దారి కూడా మూసుకుపోయింది, 'భర్త'కు ఎరుపొస్తుంది. మరి ఇక మిగిలిందేముంది? వేళ్ళు ఆయన్ని అడక్కుండానే 'జీవిత భాగస్వామి' అని కొట్టాయి.

కింద నవ్వులు ఆగిపోయాయి.

"బాబూ," అంటోంది కిష్టమ్మ ఆటో అబ్బాయితో. "జీవిత భాగస్వామి. ఆయన పేరేముండె?"

"ఎవలు అవ్వా?"

"గీ గ్లాసుల మీద రాసినాయన. ఆయన పేరేముండె?" తరవాత ఇంకెవరినో అడిగింది. రోడ్డు దాటుతున్న వాళ్ళనీ, హెల్మెట్ పెట్టుకుని సిగ్నల్ కోసం ఫోను పైకెత్తిన డెలివరీ అబ్బాయినీ అడిగింది. ఎవరూ చెప్పలేదు. ఆ పేరు తెలిసిన మనిషి పైన కిటికీ పక్కనే కూర్చుని ఉన్నాడు.

గిరీష్ అన్‌డూ నొక్కాడు. భాగస్వామి పోయింది. మళ్ళీ నొక్కాడు. సంబోధనలు పోయాయి, లభ్యత పోయింది. పేజీ మొత్తం మళ్ళీ ఎర్రబడేదాకా నొక్కుతూనే ఉన్నాడు.

ఆ ఎరుపులోంచే వచ్చినట్టు, కిందినుంచి కిష్టమ్మ కేక వినిపించింది. "వీరేశం!"

ఎదురుగా గుట్ట లేదు. ముప్పై అంతస్తుల అద్దాల బిల్డింగులున్నాయి. వాటి వెనకనుంచి, కొంచెం ఆలస్యంగా, కొంచెం బొంగురుగా, "ఓ" అని వచ్చింది. అది కిష్టమ్మ గొంతు కాదు. అపార్టుమెంటు వాచ్‌మన్ బయటికొచ్చి, ఎవరని నలువైపులా చూసి లోపలికి పోయాడు.

రాజేందర్ మొదటిసారి ఫోను పక్కన పెట్టాడు. "ఎవడన్నా అది, ఓ అన్నది?"

గిరీష్ తెర మీదికే వంగి ఉన్నాడు. కొటేషన్ గుర్తులు సరిగ్గా ఉన్నాయో లేదో చూస్తున్నాడు. వాక్యానికి అటు రెండు, ఇటు రెండు. ఇన్నేళ్ళూ పేజీలకు పేజీలు చెరిపింది ఈ కాసింత పనిని తప్పించుకోవడానికే. కింద ఫుట్‌నోట్‌లో కిష్టమ్మ పేరు తరవాత కొట్టాడు: 'ఈ మాటలు ఈమెవే. సాయిచంద్ గారి గ్రంథంలోకి ఈమె పేరు లేకుండా వీటిని ఎక్కించినవాణ్ని నేను.' చివర తన పేరు రాశాడు. ఒక్క పేరే పెడితే ఎవరని పట్టుకుంటారని ఫోన్ నంబరు కూడా పెట్టాడు. అచ్చులో తన పేరు చూసుకోవడం ఆయనకదే మొదలు. అక్షరాలు ఎవరివో అనిపించాయి.

రోహిణి వచ్చి నిలబడే చదివింది.

"మీరా సార్?" అంది. బల్ల మీది గ్లాసు చూసి, "రోజూ ఆమె చేతి చాయ్ తాగుకుంట?" అంది.

"అవునమ్మా."

"ఆమెకు చెప్పిన్రా?"

"ఇప్పుడు పోయి చెప్తా. నువ్వు ముందు పేపర్లు ఇచ్చిరాపో, టైమైపోతాంది."

ఆ అమ్మాయి కాగితాలు తీసుకుంది. మెట్లు దిగుతూ, "నాయినమ్మా, ఇచ్చొస్త" అని అరవడం, "పైలం బిడ్డా, రోడ్డు సూసి దాటు" అని జవాబు రావడం గిరీష్ విన్నాడు.

రాజేందర్ ఫుట్‌నోట్ రెండుసార్లు చదివాడు. "నా కడుపు మీద కొట్టినవ్ గదన్నా. రేపటి సంది రాకు. ఇయ్యాల్టిది మాత్రం పూర్తి జేసి పో." అలా అడగడం ఆయనకు తప్పుగా తోచలేదు. గిరీష్‌కూ తోచలేదు. కూర్చుని, వేరే ఎవరిదో ముప్పై శాతం ఉన్న అధ్యాయాన్ని తెరిచాడు. ఒక మాట మార్చబోయాడు. చెయ్యి ఆడలేదు. మూసేసి, పెన్నులు జేబులో కుక్కుకుని, గ్లాసు కడిగాడు. చుక్కలు వేలికి గరుకుగా తగిలాయి, అన్నీ ఉన్నాయి.

కిష్టమ్మ పీట మీదే ఉంది. వీపు గోడకు ఆనించి, చేతిలో టీ వడగట్టే జాలీ పట్టుకుని, అద్దాల బిల్డింగుల వైపు తల కొంచెం పక్కకు వంచి ఉంది. ఎవరైనా పిలిస్తే వినేవాళ్ళు వంచినట్టు.

"అవ్వా, గ్లాసు తెచ్చినా" అన్నాడు గిరీష్. "అవ్వా, ఒక మాట చెప్పాల."

సన్నటి మంట మీద టీ చిక్కబడి గిన్నె అంచులకు అంటుకుపోయింది. గిరీష్ ముందు స్టవ్ ఆపాడు. తరవాత ఆమె చెయ్యి పట్టుకుని నాడి చూశాడు. అందలేదు.

అప్పుడే ఫోను మోగింది. "సార్, తీసుకున్నరు!" రోహిణి ఆయాసపడుతోంది. "ఫుట్‌నోట్ల ఫోన్ నంబరేందని తిట్టుకుంటనే సంతకం పెట్టిండు గైడు, మీతోని మాట్లాడుతడంట. నాయినమ్మ పేరున్న పేజీ అట్లనే పోయింది. జర ఆమెకియ్యుండ్రి ఫోను, నేనే చెప్త."

గిరీష్ ఫోను కిష్టమ్మ చెవి దగ్గర పెట్టాడు. రోహిణి చెప్పడం అయ్యేదాకా అలాగే పట్టుకున్నాడు. ఆ తరవాత తన చెవికి పెట్టుకుని, ఆ అమ్మాయికి చెప్పాల్సింది చెప్పాడు. దానికి వేరే మాటలేవీ వెతకలేదు.

చీకటి పడకముందే మనుషులొచ్చి ఆమెను తీసుకుపోయారు. ఎవరో స్టవ్వూ పీటా గిన్నెలూ సర్దుకెళ్ళారు. గిరీష్ పైకి ఎక్కలేదు. తెల్లాపూర్ వైపు నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. మర్నాటినుంచి ఆ కుర్చీలో ఇంకొకతను కూర్చుంటాడు.

టీ కొట్టు చెక్క మీద ఆ ఒక్క గ్లాసే మిగిలింది, చుక్కల పేరు రోడ్డు వైపుకు తిరిగి. బిల్డింగుల సందులోంచి గాలి వచ్చి దాని అంచును తాకినప్పుడల్లా, ఎవరో పిలిచినట్టు, సన్నగా "ఓ" అంటోంది.