నా కడుపులోని ఒరిజినల్స్

నేను ఒక ఇనుప బీరువాను. నన్ను బడి మాన్పించినవాడు ఆకుల దామోదర్. పేరు ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే అందరూ అతణ్ణి కరస్పాండెంట్ సార్ అంటారే గానీ, పేరు పెట్టి నిలదీసిన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. నాకేం భయం? నన్ను చేయాల్సిందంతా చేసేశాడు.

నేను పుట్టింది నిజామాబాద్‌లో, ఒక వెల్డింగ్ షాపులో. బూడిదరంగు వేసి నన్ను ఎర్రగట్టు ఊరి సర్కారు బడికి పంపారు. దారిలో ట్రాక్టరు మీంచి బోర్లా పడ్డాను. అప్పుడు పడిన సొట్ట వల్ల నా తాళం సరిగ్గా పట్టేది కాదు. హ్యాండిల్ కింద మోకాలితో ఒక్క పోటు పొడిచి తలుపును కాస్త పైకెత్తితే చాలు, తాళంచెవి లేకుండానే తెరుచుకునేది. ఈ సంగతి పంతులుకు తెలియదు. పిల్లలందరికీ తెలుసు. నా కడుపులోని సుద్దముక్కలు సగం వాళ్ల జేబుల్లోకే పోయాయి. పోనీ అనుకునేవాణ్ణి. సుద్దముక్క దొంగిలించిన పిల్ల ఇంటికెళ్లి గోడ మీద అక్షరాలే కదా రాస్తుంది!

ఆ గదిలో రోజూ వినీ వినీ నాకూ నాలుగు ముక్కలు వచ్చాయి. ఎక్కాలు పదమూడు దాకా నేర్చుకున్నాను. పద్నాలుగో ఎక్కం మొదలయ్యేలోగా బడి మూతపడింది. ఇంగ్లీషు మీడియం వ్యాను ఊళ్లోకి వచ్చింది, పిల్లలు అందులో ఎక్కారు, మిగిలిన కొద్దిమందిని పక్కూరి బడిలో కలిపేశారు. ఈ దామోదర్ అప్పుడు అదే బడిలో వాలంటీరుగా చెప్పేవాడు. సామాన్లు వేలం వేస్తే నన్ను కిలోల లెక్కన కొని ఆటోలో ఎక్కించాడు. మండల కేంద్రంలో బావమరిది ఎరువుల దుకాణం పైన డిగ్రీ కాలేజీ పెట్టాడు. నాకు ఆకుపచ్చ రంగు పూయించాడు. తాళం మాత్రం మార్చలేదు. ఖర్చు దండగ అనుకున్నాడేమో.

అక్కడ నా కడుపులో సుద్దముక్కలు లేవు. ఒరిజినల్స్ ఉండేవి. పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, టీసీ. ప్రతి ఎండాకాలం దామోదర్ మోటారు సైకిల్ మీద ఊళ్లు తిరిగేవాడు. ఇంటర్ పాసైన పిల్లల ఇళ్ల ముందు ఆగి చెప్పే మాటను ఆఫీసులో కూడా ఎన్నోసార్లు చెప్పాడు కాబట్టి నాకు కంఠతా వచ్చు. "ఒక్క పైస కట్టేది లేదమ్మా. స్కాలర్‌షిప్ వస్తది, ఫీజు సర్కారే కడ్తది. ఒరిజినల్స్ నా చేతుల పెట్టున్రి, మిగిలింది నేను జూస్కుంట." వాళ్లు పెట్టేవాళ్లు. సర్కారు డబ్బు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. అది వచ్చేదాకా ఆ కాగితాలు నాలోనే ఉంటాయని ఎవరికీ చెప్పేవాడు కాదు.

సాయవ్వ కూతురు నవనీత కాగితాలు కూడా అలాగే వచ్చాయి. సాయవ్వ బీడీలు చుట్టేది. మొగుడు లేడు. ఎర్రగట్టు కాలువ కింద అర ఎకరం కూడా నిండని కొన్ని గుంటల పొలం తప్ప ఇంకేమీ లేదు. నవనీత చదువులో గట్టిది. కాలేజీలో పనిచేసే ఒకే ఒక్క కంప్యూటరు ముందు కూర్చుని ఎక్కడ స్కాలర్‌షిప్ ఉన్నా దరఖాస్తు పెట్టేది. బీడీ కార్మికుల పిల్లలకిచ్చేది ఒక ఏడాది వచ్చింది, మరుసటి ఏడాది తల్లి కార్డు పాతబడిందని రాలేదు. అయినా మానలేదు. చివరికి డిగ్రీ అయిపోయిన నెలకు హైదరాబాద్‌లోని ఒక ట్రస్టు ఒప్పుకుంది. ఎమ్మెస్సీ రెండేళ్లూ ఫీజు, హాస్టలు, పుస్తకాలు అన్నీ వాళ్లే భరిస్తారు. ఒక్కటే షరతు. శుక్రవారం లోపల ఒరిజినల్స్‌తో వచ్చి కనబడాలి. లేకపోతే ఆ చోటు తర్వాతి పిల్లకు పోతుంది.

బుధవారం తల్లీ కూతుళ్లు ఆఫీసుకొచ్చారు.

"సర్కారు పైసలు ఇంక పడలే," అన్నాడు దామోదర్. "మూడేండ్ల ఫీజు మీరు కట్టి కాయితాలు తీస్కపోన్రి. సర్కారు ఇచ్చినంక మీయి మీకిస్త."

"ఒక్క పైస కట్టేది లేదంటివి గద సారూ," అంది సాయవ్వ.

"అంటి. ఇప్పుడు గూడ అదే అంటున్న. పైసలు పడంగనే నీకు వాపసు. అంటె నువ్వు కట్టనట్టే గద!"

నవనీత కిటికీ వైపు నడిచింది. ఇంతలో కింద దుకాణం నుంచి చాయ్‌కి పిలుపొస్తే దామోదర్ లేచి వెళ్లాడు. గదిలో ఇద్దరూ, నేనూ మిగిలాం.

నవనీత నా వైపు తిరిగింది. ఆకుపచ్చ రంగు కింద ఉన్న సొట్ట చూసింది. ఒక్కసారి నవ్వింది. ఆ నవ్వు నేనెరుగుదును. ఎర్రగట్టు బడిలో అందరికన్నా ఎక్కువ సుద్దముక్కలు మాయం చేసింది ఈ పిల్లే!

"అవ్వా, ఇది మా బడి బీరువనే," అంటూ మోకాలితో పొడిచి తలుపు ఎత్తింది. తెరుచుకున్నాను. అంత సంతోషంగా నేనెన్నడూ తెరుచుకోలేదు. తన కాగితాల కవరు వెతికి తీసి ఛాతీకి హత్తుకుంది. రెండడుగులు వేస్తే మెట్లు, మెట్లు దిగితే బస్టాండు.

"పెట్టు బిడ్డా," అంది సాయవ్వ.

"నాయే గదనే! నా పేరే ఉన్నది సూడు."

"నీయే. కార్ఖానల నేను చుట్టిన బీడీలు నాయి కావా? మంచిగ లేవని టేకేదారు ఏరి పక్కకు పడేసినయి గూడ ఒక్కటన్న ఇంటికి తెచ్చిన్నా ఇన్నేండ్లల్ల? ఆయన చేతికెల్లి వస్తెనే మనయి. దొంగ అని పేరు వడితె రేపు నౌకరి ఎవడిస్తడు నీకు?"

"ఆయన దొంగ కాదానే?"

"సార్లను గట్లనొద్దు. సదువు చెప్పినోళ్ల చేతుల మీదికెల్లి తీస్కుంటెనే సదువు అక్కరకొస్తది. పెట్టు."

నవనీత పెట్టింది. అక్కడితో ఆగినా బాగుండేది. దామోదర్ పైకి రాగానే సాయవ్వే చెప్పింది. "సారూ, మీ బీరువ తాళం సక్కగ లేదు. జర జూస్కోన్రి."

ఆ సాయంత్రమే నాకు గొళ్లెం బిగించి కప్పతాళం వేశాడు.

గురువారం అదే ఆఫీసులో, ఫీజు కోసం సాయవ్వ పొలం బేరం కుదిరింది. కొనేవాడు ఎవరనుకున్నారు? కింది దుకాణం బావమరిదే. సాయవ్వ మొగుడు వాడుకున్న ఎరువుల బాకీ, దాని మీద పెరిగిన మిత్తీ కోసుకుంటే మిగిలేది సరిగ్గా కాలేజీ ఫీజంత. అడ్వాన్సుగా ఇచ్చిన బయానా డబ్బు సాయవ్వ చేతికి రాకుండానే దామోదర్ సొరుగులోకి వెళ్లింది.

"ఇంక ఇచ్చేయున్రి సారూ, రేపే ఆఖరు దినం," అంది నవనీత.

"మొత్తం పడనియ్యి బిడ్డా. మీరు యాడికి పోతున్రు, నేను యాడికి పోతున్న?"

రిజిస్ట్రేషనుకు సోమవారం గానీ వీలు దొరకలేదు. శుక్రవారం వచ్చింది, పోయింది. కాగితాలు నాలోనే ఉన్నాయి. నేనేం చేయను, నా మీద కప్పతాళం ఉంది.

సోమవారం పొద్దున నవనీత కళ్లు ఉబ్బి ఉన్నాయి. ట్రస్టువాళ్లు ఆ చోటును వేరే పిల్లకు ఇచ్చేశారట. "అవ్వా, ఇంక అమ్ముడెందుకే? ఆపేద్దాం," అంది.

బావమరిది గట్టిగానే నవ్వాడు. "బయానా తిన్నంక వెన్కకు పోతే రెండింతలు కట్టాలె. గీ రివాజు తెలువదా సాయవ్వా?"

బయానా ఆమె తినలేదు, ముట్టుకోను కూడా లేదు. అయినా సాయవ్వ లేచింది. వెళ్లి వేలిముద్ర వేసి వచ్చింది. అప్పుడు దామోదర్ కప్పతాళం తీసి కవరు బయటికి తీశాడు. సాయవ్వ చెంగుతో చేతులు తుడుచుకుని, సార్ చేతుల మీదుగా తీసుకుని కళ్లకద్దుకుంది. నవనీత అప్పటికే మెట్లు దిగిపోతోంది.

దసరా దాటాక సర్కారు డబ్బు కాలేజీ ఖాతాలో పడింది. సాయవ్వ వాపసు అడగడానికి వచ్చిన రోజు దామోదర్ కొత్త బీరువాలకు అద్దాల తలుపులు ఎంచుకుంటున్నాడు. "ఫైలు జూడాలె, వచ్చే నెల రా," అన్నాడు. ఆమె వచ్చింది. తర్వాతి నెలా వచ్చింది. ఆ తర్వాత రాలేదు. నవనీత నిజామాబాద్‌లో ఒక బట్టల షాపులో చీరలు మడతపెడుతోందని అటెండర్ ఎవరితోనో అంటుంటే విన్నాను.

కొత్తవి రాగానే నన్ను పాత ఇనుప సామాన్లవాడికి తోలేశారు. మళ్లీ కిలోల లెక్కే. ఇప్పుడు వానకు తడుస్తూ విరిగిన మంచాల మధ్య పడి ఉన్నాను. కప్పతాళం తీసేసుకున్నారు. ఇప్పుడు ఎవరు పొడిచినా తెరుచుకుంటాను. లోపల ఏమీ లేదు.

నా సంగతి పోనివ్వండి. ఆమెకు పోయింది ఎంతో సరిగ్గా చెప్పాలనే ఇదంతా. నాకు వచ్చింది పదమూడో ఎక్కం దాకే, ఆపైన హెచ్చవేయడం రాదు. ఉన్నదున్నట్టు చెప్తున్నాను. ఎర్రగట్టు కాలువ కింద సాయవ్వ పొలం, పద్నాలుగు గుంటలు.