గుర్తు పెట్టని చోటు

దోహా తనకి నచ్చకూడదని అరుంధతి విమానం ఎక్కకముందే నిర్ణయించుకుంది. అడిగితే ఒప్పుకోదు గానీ నిజం అదే. పెళ్ళిచూపుల్లో సిద్ధార్థ్ మాటవరసకి, "రెండేళ్ళుండి వచ్చేద్దాం" అన్నాడు. ఆ మాటని పట్టుకుని కూర్చుంది. అల్ హిలాల్ అనే పేటలో ఫ్లాట్‌లో దిగిన రోజున సూట్‌కేసుల్లోంచి కట్టుకోవడానికి నాలుగు బట్టలు పైకి తీసి, మిగతావి అలాగే మంచం కిందకి తోసేసింది. ఎలాగూ వెళ్ళిపోయేవాళ్ళం, మళ్ళీ సర్దుకునే శ్రమ ఎందుకంది. గోడకి మేకు కొట్టనివ్వలేదు. గ్రైండర్ కొందామంటే మిక్సీ చాలంది. కింది అంతస్తులో ఉండే హైదరాబాదు జైబా చనువుగా ఒక పూలకుండీ తెచ్చిస్తే, మర్నాడే మర్యాదగా తిరిగి ఇచ్చేసింది. మొండితనంలో అరుంధతికి సాటి అరుంధతే.

సిద్ధార్థ్ నెమ్మదైన మనిషి. ఒక భవన నిర్మాణ కంపెనీలో ప్లానింగ్ ఇంజనీరు. పెళ్ళాం పెదవి విరిచినప్పుడల్లా నవ్వేసి ఊరుకునేవాడు.

ఎంత మొండికేసినా ఊరు తన పద్ధతులు తాను నేర్పక మానదు. మొదటి ఆదివారం తీరిగ్గా పెసరట్లు వేద్దామని పప్పు నానబోసుకుంటే, తెల్లారేసరికి మొగుడు బూట్లు తొడుక్కుని డ్యూటీకి వెళ్ళిపోయాడు. ఇక్కడ వారం మొదలయ్యేదే ఆదివారంతో. గుమ్మం ముందు ముగ్గు పెడితే, బిల్డింగు కాపలా చూసే ఫరీదుద్దీన్ ఎవరో పిండి ఒలకబోశారనుకుని తడిగుడ్డతో శుభ్రంగా తుడిచేసి, ఆ సంగతి ఆమెకే సంతోషంగా చెప్పాడు. ఎండలు ముదిరాక చన్నీళ్ళ కుళాయి తిప్పితే చెయ్యి కాలింది. మేడ మీద ట్యాంకు అంతలా కాగిపోతుంది. గీజరు ఆపేసి, నీడపట్టున అందులో నిలిచి చల్లారిన నీళ్ళనే వాడుకోవాలని జైబా చెప్పింది. చన్నీళ్ళ కోసం వేడినీళ్ళ కుళాయి తిప్పే ఊరు కూడా ఒక ఊరేనా అని అరుంధతి కాకినాడకి ఫోన్ చేసి మరీ తిట్టింది. అవతల తల్లి పడీ పడీ నవ్వింది.

అలా తిట్టుకుంటూ ఉండగానే కడుపు పండింది.

మొదటి కాన్పు పుట్టింట్లోనే జరగాలి, అందులో తిరుగులేదు. అయితే ఏడో నెలలో బయల్దేరదామంటే మూఢం వచ్చిపడింది, మంచిరోజు దొరకలేదు. ఎనిమిది సరి నెల, కడుపుతో ఉన్న పిల్లని సరి నెలలో ప్రయాణం చేయించకూడదు. తొమ్మిది పడగానే డాక్టరు చేత చీటీ రాయించుకుని వచ్చెయ్యమంది తల్లి. అరుంధతి అప్పటిదాకా ఎలాగో బిగబట్టుకుంది. బిడ్డ మాత్రం ఆగలేదు. ఎనిమిదో నెలలోనే, దోహా ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. పుట్టుకతోనే గుండె సరిగ్గా లేదన్నారు. ఒక పగలూ ఒక రాత్రీ ఉంది. తెల్లారేసరికి పోయింది.

ఏ దేశంలో పుట్టినా ఇంతే జరిగేదని డాక్టరమ్మ పదే పదే చెప్పింది. అరుంధతి తల ఊపింది. లోపల మాత్రం, ఏడో నెలలో వెళ్ళిపోయి ఉంటే బతికేదన్న మాట ముల్లులా దిగి అక్కడే ఉండిపోయింది.

ఆమె ఇంకా మంచం మీద ఉండగానే జరగవలసినవన్నీ జరిగిపోయాయి. బిడ్డని ఇండియా తీసుకువెళ్ళాలా అని సిద్ధార్థ్ తండ్రికి ఫోన్ చేశాడు.  సత్యనారాయణమూర్తి గారు ఒకటే చెప్పారు.

"పసిగుడ్డుని పెట్టెలో పెట్టి సముద్రం దాటించకు నాన్నా. అక్కడే మట్టిలో పెట్టు. రాయీ రప్పా ఏ గుర్తూ పెట్టకు, వెనక్కి చూడకుండా వచ్చెయ్. గుర్తు పెడితే తల్లి అక్కడే ఆగిపోతుందిరా."

మనవాళ్ళలో పసిపిల్లలకి దహనం లేదు, పేరు పెట్టకముందు పోతే కర్మలూ లేవు, తల్లి ఆ చోటికి వెళ్ళే ఆనవాయితీ అసలే లేదు. పెద్దాయన తనకి తెలిసిన మంచే చెప్పారు. సిద్ధార్థ్ అక్షరాలా అలాగే చేశాడు. అతనితో వెళ్ళింది కంపెనీ కారు నడిపే నర్సింగ్ ఒక్కడే. తెలంగాణలో నిర్మల్ పట్నం దగ్గరివాడు, అరుంధతిని ఆసుపత్రికి తీసుకెళ్ళిందీ అతనే. ఇద్దరూ ఊరి బయట ఎక్కడో మట్టి కప్పి, స్నానాలు చేసి తిరిగొచ్చారు. ఎక్కడని అరుంధతి అడగలేదు. అడిగితే గుండె ఆగిపోతుందని భయం వేసింది.

ఇంటికి వచ్చాక పాలు పడ్డాయి. తాగే నోరు లేదన్న సంగతి ఆ ఒంటికి ఎవరు చెబుతారు? గుండెల మీద మల్లెపూలు కట్టుకుంటే పాలు ఇంకిపోతాయని తల్లి ఫోన్‌లో ఏడుస్తూ చెప్పింది. జైబా ఊరంతా తిరిగి, మలయాళీ కొట్లో విమానంలో వచ్చిన మల్లెమూరలు పట్టుకొచ్చి, తన చేత్తోనే కట్టింది. దోహా వచ్చాక అరుంధతి ఇంటికి మల్లెపూలు రావడం అదే మొదలు. ఆ వాసన పీలుస్తూ ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది.

కొన్నాళ్ళు అలా గడిచాయి. తరువాత, ఎవరూ అనుకోని విధంగా, అరుంధతి కాపురం చక్కబెట్టుకోవడం మొదలుపెట్టింది. మంచం కింది సూట్‌కేసులు లాగి బట్టలన్నీ బీరువాలో సర్దింది. తనే మేకులు కొట్టి పటాలు తగిలించింది. గ్రైండర్ కొనిపించింది. జైబాని అడిగి కుండీలు తెచ్చుకుని బాల్కనీ నిండా కరివేపాకూ తులసీ పెంచింది. ఒక ఇండియన్ స్కూల్లో లెక్కల టీచరుగా చేరింది. కూరల కొట్లో అరబ్బీలో యల్లా, కానీయ్ అనీ మాఫీ, కుదరదు అనీ దబాయించి బేరం చేసేది. ఫరీదుద్దీన్ ఇప్పుడు ముగ్గు చుట్టూ జాగ్రత్తగా తుడుస్తున్నాడు. రెండేళ్ళు ఎప్పుడో దాటిపోయాయి, వెళ్దామన్న ఊసే లేదు. అమ్మాయి గట్టిది, తేరుకుందని కాకినాడలో చుట్టాలు చెప్పుకున్నారు. సిద్ధార్థ్ కూడా అలాగే అనుకుని ఊపిరి పీల్చుకున్నాడు.

తేరుకోవడమా? బిడ్డ ఉన్న ఊరు కాబట్టి ఆ ఊళ్ళో ఉంటోంది, అంతే. దుమ్ము లేచి ఆకాశం ఎర్రబడిన రోజుల్లో ఆమె క్లాసులో పాఠం మధ్యలో ఆగిపోయేది. ఎప్పుడో ఒకసారి వాన పడితే బిల్డింగులో పిల్లా పెద్దా కిందికి పరుగెత్తి ఫొటోలు తీసుకునేవారు. ఆమె మాత్రం కిటికీ దగ్గర నిలబడి, ఇప్పుడు ఆ మట్టి తడుస్తుంది, లోపల చలేస్తుంది అనుకునేది. మనసులో బిడ్డకి తన్మయి అని పేరు పెట్టుకుంది. ఆ పేరు ఎవరికీ చెప్పలేదు, మొగుడికి కూడా.

ఒకరోజు సిద్ధార్థ్ సాయంత్రం పెందలాడే ఇంటికొచ్చాడు. చేతిలో మిఠాయి డబ్బా, ముఖం నిండా నవ్వు. విశాఖపట్నంలో ఉద్యోగం వచ్చిందన్నాడు. ఇక్కడ రాజీనామా కూడా ఇచ్చేశానన్నాడు. వచ్చిన రోజు నుంచి ఆమె అడిగింది ఇదే, ఇన్నాళ్ళకి తీర్చగలిగానని పాపం తబ్బిబ్బవుతున్నాడు. అరుంధతి చపాతీ పిండి కలుపుతున్న చెయ్యి ఆపలేదు.

"నేను రాను," అంది.

అతను వేళాకోళం అనుకున్నాడు. ఆమె ముఖం చూశాక నవ్వు పోయింది. నువ్వు కోరుకున్నదే కదా అని నసిగాడు. తన వీసా రద్దయితే ఆమె కూడా ఇక్కడ ఉండడానికి వీల్లేదని, స్కూలు ఉద్యోగం కూడా ఆ వీసా మీదే నడుస్తోందని నచ్చచెప్పబోయాడు. అవన్నీ అరుంధతికి తెలుసు.

"పిల్లని ఒక్కదాన్నీ వదిలేసి ఎలా రమ్మంటారండీ?" అంది.

పిల్ల అన్న మాట ఆ ఇంట్లో ఇన్నాళ్ళూ ఎవరూ పైకి అనలేదు. సిద్ధార్థ్ మిఠాయి డబ్బా పట్టుకుని అలాగే కుర్చీలో కూలబడ్డాడు. ఈ పటాలూ ఈ మొక్కలూ ఎందుకో అతనికి అప్పుడు తెలిసింది. చాలాసేపటికి అరుంధతే చేతులు కడుక్కుని వచ్చి అతని ఎదురుగా నేల మీద కూర్చుంది. ఒక్కసారి ఆ చోటు చూపించమంది. చూస్తే చాలు, తరువాత ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తానంది. అతను సరేనన్నాడు గానీ ఆమె కళ్ళలోకి చూడలేదు.

శుక్రవారం నర్సింగ్ కారు తెచ్చాడు.  ఇళ్ళు వెనకబడ్డాయి, గోదాములూ పోయాయి, ఆపైన రాళ్ళూ మట్టీ తప్ప ఏమీ లేదు. ముస్లింలు కానివాళ్ళని పూడ్చడానికి చుట్టూ గోడ కట్టిన ఒక స్థలం దగ్గర కారు ఆగింది.

అరుంధతి గేటు దగ్గరే నిలబడిపోయింది. లోపల వరసలు వరసలుగా మట్టి దిబ్బలు. కొన్నిటికి శిలువలున్నాయి, కొన్నిటికి పేరు చెక్కిన పలకలు, రంగు వెలిసిన ప్లాస్టిక్ పూలు. ఒక పక్కంతా చిన్నవి. జానెడు ఎత్తు కూడా లేనివి, ఏ గుర్తూ లేనివి, గాలికి అరిగి అన్నీ ఒక్కలా ఉన్నవి. ఇన్ని ఉంటాయని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

సిద్ధార్థ్ ఆ చిన్న దిబ్బల మధ్యకి నడిచాడు. ఒకదాని దగ్గర ఆగి, గోడ వైపు చూసి, మళ్ళీ కదిలాడు. నర్సింగ్ ఇంకో వరసలో నడుస్తున్నాడు. ఇద్దరూ ఒకచోట కలుసుకుని తలలు వంచి ఏదో మాట్లాడుకున్నారు. నర్సింగ్ గోడ వైపు చెయ్యి చూపించాడు. సిద్ధార్థ్ అడ్డంగా తల ఊపాడు. ఆ రోజు గోడ పక్కన ఒక వరసే ఉందేమో, ఇప్పుడు ఆ పక్కా ఈ పక్కా కొత్తవి ఎన్నో వచ్చి చేరాయి. అతను మళ్ళీ మొదటి నుంచి నడవడం మొదలుపెట్టాడు. నడుస్తూ నడుస్తూ భుజంతో కళ్ళు తుడుచుకున్నాడు.

అరుంధతికి అర్థమైపోయింది. ఒళ్ళంతా మంటెత్తింది. ఒక్క గులకరాయి, ఒక్క పుల్ల, ఏదో ఒకటి పెట్టడానికి చేతులు రాలేదా అని అరవబోయింది. అంతలో సిద్ధార్థ్ వెనక్కి తిరిగి ఆమె వైపు చూశాడు. తప్పిపోయిన పిల్లవాడి ముఖం అది. 

"అరూ, ఇలా రా. ఇదే," అన్నాడతను.

ఆ దిబ్బని అతను అంతకుముందు రెండుసార్లు దాటి వెళ్ళడం ఆమె చూసింది. దగ్గరికి వెళ్ళి నిలబడింది. నిజమేనా అన్నట్టు నర్సింగ్ వైపు తిరిగింది. నర్సింగ్ సిద్ధార్థ్ ముఖం చూశాడు, తరువాత తల దించుకున్నాడు.

"ఔ మేడం, గిదే. నా చేతులతోనే మన్ను పోసిన. నాకు యాదికున్నది," అన్నాడు.

ఇద్దరూ అబద్ధమాడుతున్నారు. ఒకరు మొగుడు, ఒకరు ఏ చుట్టరికమూ లేని మనిషి. తన కోసం ఆ ఎండలో నిలబడి, ఒకే మాట మీద ఉన్నారు. తల్లి ఎక్కడ ఆగిపోతుందోనని గుర్తు పెట్టకుండా వచ్చిన ఆ మనిషి ఇన్నాళ్ళూ ఎక్కడ ఆగిపోయాడో తను ఒక్కనాడైనా అడిగిందా? ఆమెకి అతని మీద కోపం నిలవలేదు. జాలి వేసింది, దుఃఖం వచ్చింది. మోకాళ్ళ మీద కూర్చుని మట్టి మీద చెయ్యి పెట్టింది. వేడిగా ఉంది. అక్కడ పడుకున్నది ఏ దేశపు తల్లి బిడ్డో. ఎవరైతేనేం అనుకుని మెల్లిగా నిమిరింది, ఏడ్చింది. సిద్ధార్థ్ పక్కన కూర్చుని ఆమె వీపు మీద చెయ్యి వేసి తనూ ఏడ్చాడు. బిడ్డ పోయాక ఇద్దరూ కలిసి ఏడవడం అదే మొదటిసారి.

ఎండ ఎక్కింది. నర్సింగ్ వచ్చి, ఇక పోదామా సార్ అని నెమ్మదిగా అడిగాడు.

ఇలాంటి చోటు నుంచి కదిలేటప్పుడు వెళ్ళొస్తానని చెప్పకూడదు. చెప్పకుండా లేచి రావాలి. ఆ సంగతి అరుంధతికి చిన్నప్పటి నుంచీ తెలుసు. వచ్చేవారం వీసా రద్దవుతుందనీ, ఈ దేశానికి మళ్ళీ తను వచ్చేది లేదనీ కూడా తెలుసు. అయినా ఊరికే లేచి వెళ్ళిపోవడానికి కాళ్ళు రాలేదు. లేచి నిలబడి, కళ్ళు తుడుచుకుని, ఆ చిన్న దిబ్బలన్నిటి వైపూ ఒకసారి చూసింది.

"తన్మయీ, వెళ్ళొస్తానమ్మా," అంది.

ఆ పేరు విని సిద్ధార్థ్ తలెత్తాడు. ఆమె అతన్ని చూడలేదు. బిడ్డ వాటిలో ఏ మట్టి కింద ఉందో తెలియదు కాబట్టి, ఆ చివరిదాకా వినపడాలని గొంతెత్తి మళ్ళీ అంది.