గాయపడ్డవాళ్ల వరుస

పర్శరాములుకు ఎడమచేతి వేళ్లు మూడు పోయాయి. దుబాయ్ పక్క రాస్ అల్ ఖైమాలో రాళ్లు పేల్చే క్వారీలో పోయాయి. పుండు మానగానే ముదీర్, అంటే క్వారీ మేనేజరు, "ఖలాస్, ఊరికి పో" అన్నాడు. పోయి ఏం చేస్తాడు పాపం? ఆ చేతిని చూసి జగిత్యాల పక్క ఊళ్లలో కూలికి పిలిచేదెవరు?

అతనితో ఒకే రూములో ఉండే కడప అమీర్ జాన్‌కు ఊరికే ఉండటం చేతకాదు. "రాజకుటుంబం షేకు ఒకాయన మజ్లిస్ పెడతాడంట అన్నా, దర్బారు మాదిరి. దెబ్బలు తగిలినోళ్లకు పని ఇప్పిస్తాడంట, పద!" అని లాక్కెళ్లాడు.

గేటు కాపలావాడు పర్శరాములు చెయ్యి చూసి సలాం కొట్టాడు. అమీర్ జాన్ చేతులు రెండూ చూసి బయటే ఆపేశాడు. ఇదెక్కడి చోద్యం!

లోపల గోడ వెంబడి మనుషులు. ఒకడికి కన్ను లేదు, ఒకడికి చెవి లేదు. పక్కన కూర్చున్న సలేం అనే అతనికి కాలు లేదు. 'అబ్బో, ఈ దేశంల ఇన్ని క్వారీలున్నయా!' అనుకున్నాడు పర్శరాములు.

షేకు తరఫున మాట్లాడే ముసలాయన వచ్చి, చెయ్యి పట్టుకుని అరబ్బీలో ఏదో అడిగాడు. ఏమైందనే కదా అడుగుతాడు!

"బారూద్" అన్నాడు పర్శరాములు. పేలుడుమందుకు ఉర్దూలోనూ అరబ్బీలోనూ ఒకటే మాట.

ఎక్కడన్నట్టు చెయ్యి తిప్పాడు ముసలాయన.

"జబల్." కొండల్లో.

హాలంతా గుసగుసలు. ముసలాయన కళ్లు తుడుచుకుని పర్శరాములు నుదుట ముద్దు పెట్టి, చేతిలో ఒక కాగితం ఉంచాడు. పర్శరాములుకు బుర్ర తిరిగిపోయింది. క్వారీలో ఫోర్‌మన్ ఏనాడూ బూతు తప్ప మంచి మాట ఎరగడు మరి.

బయటికొచ్చాక, వెనకే కర్ర ఊతంతో వచ్చిన సలేంతో అమీర్ జాన్ అరబ్బీలో మాట్లాడి నెత్తి కొట్టుకున్నాడు.

"కొంప మునిగింది అన్నా! వీళ్లంతా యెమెన్ అంతర్యుద్ధంలో దెబ్బతిన్న సిపాయిలు. నువ్వూ కొండల్లో పోరాడినావనుకున్నారు. దెబ్బకు మాట కూడా పోయిందని జాలిపడి, ఉన్న ఒక్క కాపలా పనీ ఆ కాగితంలో రాసి నీకిచ్చేశారు. లేకపోతే అది సలేందే."

"నేనెన్నడు కొట్లాడిన భాయ్? నేను రాళ్లు కొట్టిన!"

"నోర్ముయ్ అన్నా. పని దొరికింది గదా!"

సలేం అతని భుజం తట్టి నవ్వాడు. ఆ నవ్వుకు పర్శరాములు సిగ్గుతో చచ్చిపోయాడు. పని కావాలి, ప్రాణం పెట్టి కావాలి. కానీ కాలు లేనివాడి నోటికాడి కూడు లాక్కుంటే ముద్ద ఎట్లా దిగుతుంది?

"యుద్ధం లేదు అని అరబ్బీల ఎట్లంటరు?"

"హర్బ్ మాఫీ. అన్నావంటే రేపే ఊరికి, చూసుకో."

పర్శరాములు సలేంను పట్టుకుని మళ్లీ లోపలికి నడిచాడు. కాగితం సలేం చేతిలో పెట్టాడు. తన మొండిచెయ్యి పైకెత్తి గట్టిగా అరిచాడు. "హర్బ్ మాఫీ! హర్బ్ మాఫీ!"

కన్ను లేనతను లేచి నిలబడి, మెల్లగా "హర్బ్ మాఫీ" అన్నాడు. తర్వాత చెవి లేనతను. తర్వాత అందరూ. ఇక యుద్ధమే ఉండొద్దని దేవుడికి దువా చేస్తున్నాడనుకున్నారు వాళ్లు. సలేం వెక్కివెక్కి ఏడుస్తూ, ఆ కాగితాన్ని పర్శరాములు జేబులోకే తోసి, తీయనివ్వకుండా అదిమి పట్టుకున్నాడు. ముసలాయన రెండు చేతులూ పైకెత్తాడు.

"అది కాదయ్యా! నాకు యుద్ధం లేదంటున్న... నాకు!" అన్నాడు పర్శరాములు తెలుగులో.

"ఆమీన్" అంది హాలంతా.