తర్వాతి గంట కొట్టేదాకా

ఇత్తడి గంట కడుపులోకి మోచేతిదాకా చెయ్యి దూర్చి, బూడిద అద్దిన గుడ్డతో తోముతున్నాడు గంటయ్య. బయట తళతళలాడితే చాలదా, లోపల ఎవరు తొంగిచూడొచ్చారు అని అడిగినవాళ్ళకు ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది: "మొహం కడుక్కుని నోరు పుక్కిలించకుండా వస్తామా బడికి?"

అసలు పేరు ఒకటి ఉండే ఉంటుంది. దాంతో ఆయనకూ పనిలేదు, బడికీ పనిలేదు. పొట్టి మనిషి. తాడు లాగి లాగి కుడిభుజం ఎడమదానికన్నా కిందికి దిగిపోయింది. ఉత్తచేతులతో నిలబడ్డా ఏదో మూట మోస్తున్నట్టే కనిపిస్తాడు. గంట పక్కన బతికిన మనిషికి చెవులెక్కడ మిగులుతాయి? సగం వినబడదు. తనకు వినబడదు కాబట్టి ఎదుటివాళ్ళకూ వినబడదనుకుని గట్టిగా మాట్లాడతాడు. ఆయన రహస్యం చెబితే రెండు వీధులు వింటాయి.

ఆ పొద్దున మంచు దట్టంగా పట్టింది. ఆటస్థలం లేదు, ప్రహరీ లేదు. పొడుగాటి వరండా, దాని ఇనుప కటకటాలు, వరసగా కిటికీలు మాత్రం ఆ తెల్లదనంలో తేలుతున్నాయి. కూతురు నౌకాదళంలో చేరినప్పటి నుంచీ గంటయ్యకు ఇదో వరస. మంచు పడితే చాలు, బడి ఓడైపోతుంది. కటకటాలు పట్టుకుని నిలబడితే కాళ్ళ కింద నేల మెల్లగా లేస్తుంది, మెల్లగా దిగుతుంది. ఈ మధ్య ఆ ఊగడంలో కొంత మంచుది, కొంత గుండెది. ఆ సంగతి ఆయనకు తెలుసు. తెలిసినా కాసేపు అలాగే నిలబడతాడు, బాగుంటుంది మరి.

వెనక గోడకున్న చిన్న తలుపు కిర్రుమంది. గోడ అవతలే ఇల్లు. భార్య వచ్చింది, ఒక చేతిలో మందుబిళ్ళ, ఇంకో చేతిలో నీళ్ళగ్లాసు. ఆమె బట్టలు కుడుతుంది. మెడలో కొలత టేపు లేకుండా ఆమెను చూసినవాళ్ళు లేరు.

"నోరు తెరు," అంది.

తెరిచాడు. మింగాడు.

"ఇవాళ ఫోన్ చేస్తుందిగా. నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"చెప్తాలేవే. ఓడ కదలనీ."

"కదిలాక ఎవరికి చెప్తావు, చేపలకా?"

గంటయ్య నవ్వబోయి ఛాతీ మీద చెయ్యి వేసుకున్నాడు. ఆమె నవ్వలేదు.

పోయిన వారం డాక్టరు పరీక్షలన్నీ చూసి, గుండెనాళం మూసుకుపోతోంది, ఇవాళే ఆసుపత్రిలో చేరమన్నాడు. ఇవాళ కాదండీ, మా అమ్మాయి ఓడ బయల్దేరాక, అన్నాడు గంటయ్య. మీ అమ్మాయి ఓడకూ మీ గుండెకూ సంబంధమేమిటని డాక్టరు విస్తుపోయాడు. ఎందుకు లేదు? పోయినేడాది ఇలాగే దూరప్రయాణానికి పిల్ల పేరు వచ్చింది. సరిగ్గా బయల్దేరే ముందు తల్లి మెట్ల మీద జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుంది. నొప్పి తట్టుకోలేక కూతురికి ఫోన్ చేసి ఏడ్చింది. పిల్ల రెక్కలు కట్టుకుని వాలింది. చెయ్యి అతుక్కుంది గానీ ఓడ వెళ్ళిపోయింది, పిల్ల బదులు ఇంకెవరో ఎక్కారు. పిల్ల ఒక్క మాట అనలేదు. ఉన్నన్నాళ్ళూ తోమిన గిన్నెలే మళ్ళీ మళ్ళీ తోమింది. ఆ చప్పుడు గంటయ్య చెవిటి చెవులక్కూడా వినబడింది. మళ్ళీ పేరు రావడానికి ఇన్నాళ్ళు పట్టింది. ఇప్పుడు ఈ గుండె సంగతి చెవిన పడిందా, మళ్ళీ దిగి వచ్చేస్తుంది. అందులో అనుమానమేమీ లేదు.

"అప్పుడు చెప్పింది నువ్వేగా" అనే మాట ఆయన నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. ఆగిందని ఆమెకు తెలిసిపోయింది. ఇన్నేళ్ళ కాపురంలో మాటలు పైకి రానక్కర్లేదు.

"సరే, రేపు పొద్దున్నే ఆసుపత్రి," అంది మెత్తబడి. "సంచి సర్దిపెట్టా. తువ్వాలు, గ్లాసు, నీ నీలం చొక్కా. ఇంకోసారి వాయిదా అన్నావో, భుజాన వేసుకుని మోసుకుపోతా."

"నువ్వా? సూదిలో దారం ఎక్కించడానికే ఆపసోపాలు పడతావు."

"వేళాకోళాలకేం తక్కువ లేదు," అని గ్లాసు లాక్కుని వెళ్ళిపోయింది.

గంటయ్య తాడు అందుకున్నాడు. మొదటి గంట మోగగానే మంచులోంచి పిల్లలు ఊడిపడ్డారు.

ఆ తాడు మామూలు తాడు కాదు. పాత జనపతాడు అరచేతులు కోసేసేది. ఓడల్లో గంట నాలుకకు తెల్లటి తాడును ముడులు ముడులుగా అల్లి కడతారట. శిక్షణలో ముడులు వెయ్యడం నేర్పగానే పిల్ల మొట్టమొదట అల్లింది తండ్రికే. సెలవులకు వచ్చి తానే కట్టింది. కట్టి, కాస్త దూరం జరిగి చూసి, నాలుక కరుచుకుంది.

"అయ్యో నాన్నా, చివర్లో ఒక ముడి తప్పు పడింది. మెలిక అటు తిరగాల్సింది ఇటు తిరిగింది. ఉండు, విప్పి మళ్ళీ వేస్తా."

"విప్పావంటే ఊరుకోను. నా బొటనవేలు సరిగ్గా అక్కడే కూర్చుంటోంది," అన్నాడు గంటయ్య. అన్నట్టే బొటనవేలు అక్కడ కూర్చుంది. తాడంతా తెల్లగా ఉన్నా ఆ తప్పు ముడి ఒక్కటీ చెమటకు నల్లబడిపోయింది.

ఆ సెలవుల్లోనే ఓడ గంటల లెక్క కూడా చెప్పింది. బడిలో ఎన్నో పీరియడైతే అన్ని కొడతారు, ఇంటికి వదిలేటప్పుడు ఆపకుండా గణగణ కొడతారు. ఓడలో అలా కాదట. అరగంటకొకటి పెంచుకుంటూ, జంటలు జంటలుగా కొట్టుకుంటూ పోతారు. ఎనిమిదికి చేరితే ఒకరి కాపలా ముగిసినట్టు. వాళ్ళు పోయి పడుకుంటారు, ఇంకొకరు వచ్చి నిలబడతారు. "బాగుందే. మన బళ్ళో నాకు బదులు నిలబడేవాడేడీ?" అని గంటయ్య నవ్వాడు.

నవ్వులు ఇప్పుడు. శిక్షణ మొదట్లో నవ్వులెక్కడివి? ఆదివారం ఆదివారం ఫోన్ వచ్చేది. పిల్లకు నీళ్ళంటే భయం లేదు, ఎత్తంటే భయం. ఎత్తయిన బల్ల మీంచి కొలనులోకి దూకాలి. అందరూ దూకారు, ఈ పిల్ల బల్ల చివరిదాకా పోయి వెనక్కి వచ్చేది.

"నా వల్ల కాదు నాన్నా. వచ్చేస్తా."

"వచ్చెయ్యి తల్లీ. తలుపు తీసే ఉంటుంది. కాకపోతే తర్వాతి గంట కొట్టేదాకా ఆగు. అప్పటికీ రావాలనిపిస్తే రా."

ఒకటో తరగతిలో కూర్చోబెట్టిన రోజున కిటికీ ఊచలు పట్టుకుని ఏడుస్తున్న పిల్లకు చెప్పిన మాటే అది. పాఠాలు చెప్పే విద్య ఆయనకు లేదు. ఆయనకు తెలిసిందల్లా ఎంత పెద్ద రోజైనా గంటకీ గంటకీ మధ్యే గడుస్తుందని. ప్రతి ఆదివారం అదే మాట చెప్పాడు. ఫోన్ పెట్టేసి వరండాలో ఆ చివరి నుంచి ఈ చివరికి తిరిగేవాడు. ఒక ఆదివారం ఫోన్‌లో ఏడుపు బదులు కేక వినబడింది. "దూకేశా నాన్నా! ముక్కులోకి నీళ్ళుపోయాయి!"

శిక్షణ ముగింపు కవాతుకు మొగుడూపెళ్ళాలిద్దరూ వెళ్ళారు. సముద్రం చూడటం అదే మొదలు. తెల్ల దుస్తుల్లో అందరూ ఒక్క అచ్చులో పోసినట్టున్నారు. గంటయ్య ఒకమ్మాయిని తన పిల్లే అనుకుని, కవాతు మొదలయినప్పటి నుంచి ముగిసేదాకా ఆమెనే చూస్తూ కళ్ళు తుడుచుకున్నాడు. తీరా చూస్తే ఆమె వేరే పిల్ల. ఆ పిల్ల వచ్చి, "మా నాన్న కూడా నాకోసం ఇంత ఏడవలేదు బాబాయ్," అంది. ఇప్పటికీ ఫోన్ చేసినప్పుడల్లా కూతురు ఏడిపిస్తుంది, "నీ రెండో కూతురు నిన్ను అడిగింది నాన్నా" అని.

మంచు విడిపోయింది. గంటలు ఒకదాని వెనక ఒకటి గడిచాయి. మధ్యాహ్నం మత్తెక్కించే ఎండ వరండా మీద పరుచుకుంది. తరగతుల్లో ఎక్కాలు చదివిస్తున్నారు. గొంతులన్నీ కలిసి లేచి, విరిగి, మళ్ళీ లేస్తున్నాయి. స్టూలు మీద కూర్చున్న గంటయ్యకు రెప్పలు బరువెక్కాయి. అంతలో చొక్కా జేబు వణికింది. గుండేమో అనుకున్నాడు. కాదు, ఫోనే.

"నాన్నా! వినబడుతోందా?"

"చెప్పు తల్లీ!" బడంతా వినబడేలా అరిచాడు.

"ఇంకాసేపట్లో తాళ్ళు విప్పేస్తారు. తర్వాత సిగ్నలు ఉండదు. ఇప్పుడే అమ్మతో మాట్లాడా. ఏదో చెప్పబోయి మింగేసింది. ఏంటి సంగతి?"

గంటయ్య వెనక గోడవైపు చూశాడు. ఆవిడా చెప్పలేదన్నమాట. అంత నోరున్న మనిషి!

"మీ అమ్మకేం పని, ఎప్పుడూ ఏదో నసుగుతుంది."

"నీ ఒంట్లో బాగుందా? నిజం చెప్పు."

"గుండ్రాయిలా ఉన్నా. కావాలంటే వచ్చి దొర్లించి చూసుకో."

అవతల నవ్వు వినబడింది. తర్వాత చిన్న గొంతు.

"భయంగా ఉంది నాన్నా. ఇంత దూరం ఎప్పుడూ పోలేదు."

"వచ్చెయ్యాలనిపిస్తే వచ్చెయ్యి తల్లీ. కాకపోతే..."

"తర్వాతి గంట కొట్టేదాకా ఆగు. తెలుసులే," అందా పిల్ల. "నువ్వు కూడా ఆగు నాన్నా. నేనొచ్చేదాకా."

"నేనెక్కడికి పోతానే!"

"ఒక్కసారి గంట కొట్టవా? మా ఓడ గంట. విని వెళ్తా."

ఇది గంట కొట్టే వేళ కాదని గంటయ్యకు తెలీదా? తెలుసు. బడిలో చేరిన నాటి నుంచీ వేళ కాని వేళ ఆ తాడు ముట్టుకున్న పాపాన పోలేదు. లేచాడు. ఎడమచేత్తో ఫోన్ గంట కిందికి పట్టుకుని, కుడిచేతి బొటనవేలు తప్పు ముడి మీద ఆనించి, జంటలు జంటలుగా ఎనిమిదీ కొట్టాడు. టంగ్ టంగ్. టంగ్ టంగ్. టంగ్ టంగ్. టంగ్ టంగ్.

పిల్లలకు జంటలేమిటి, లెక్కేమిటి? గంట మోగితే చాలు. తలుపులన్నీ ఒక్కసారి తెరుచుకున్నాయి. సంచులు తగిలించుకుని బిలబిలా వచ్చిపడ్డారు. "ఇంటికో!" అని ఒకటే గోల. వెనకాల టీచర్లు, వాళ్ళ వెనకాల సుద్దముక్క చేతిలో పట్టుకుని పెద్ద టీచరమ్మ.

"గంటయ్యా! మతిగానీ పోయిందా?"

గంటయ్య ఫోన్ చూపించాడు. అందులోంచి కూతురు పడీపడీ నవ్వుతోంది. "బడి వదిలేశావా నాన్నా!" అంటోంది. ఆ నవ్వు మధ్యలోనే ఫోన్ తెగిపోయింది.

పెద్ద టీచరమ్మ ఆ పిల్లకు అక్షరాలు నేర్పిన మనిషే. కోపం మొహం పెట్టుకుందామని చూసింది గానీ కుదర్లేదు. "ఓడ కదిలిందా?" అంది.

"కదిలిందమ్మా."

"మంచిది. ఇక వీళ్ళను లోపలికి తోలు."

ఆటస్థలమంతా తిరిగి, బతిమాలి, బెదిరించి అందరినీ లోపలికి తోలేసరికి గంటయ్య చొక్కా తడిసిపోయింది. వచ్చి స్టూలు మీద కూలబడి స్తంభానికి వీపు ఆనించాడు. ఎడమచెయ్యి బరువెక్కింది. సంచి సర్ది ఉంది, రేపు పొద్దున్నేగా. ఇంటిగంట ఒక్కటే మిగిలింది. అదొక్కటీ కొట్టేదాకా ఆగు, అని తనకు తాను చెప్పుకున్నాడు. ఎక్కాలు మళ్ళీ మొదలయ్యాయి. గొంతులు లేచి, విరిగి, మళ్ళీ లేచాయి. తెల్ల దుస్తుల్లో ఎవరో కటకటాలు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఈసారి పొరపాటు లేదు, తన పిల్లే. నేల మెల్లగా పైకి లేచింది. లేచిందే గానీ దిగలేదు.

గోడ అవతల భార్య చొక్కా చేతులు కుడుతోంది. ఇంటిగంట వినగానే మిషను ఆపి పొయ్యి వెలిగించడం ఆమె అలవాటు. ఎండ గుమ్మం దాటింది. కుట్టాల్సింది అయిపోయింది. గంట మోగలేదు. ఆమె తొక్కుడు మీంచి కాలు తీసి, చెవి ఒగ్గి కూర్చుంది. తర్వాత లేచింది. మెడలో టేపు అలాగే ఉంది, చెప్పులు కూడా వేసుకోలేదు.

తరగతుల్లో పిల్లలు సంచులు తగిలించుకుని కూర్చునే ఉన్నారు. ఒకసారి మోసపోయినవాళ్ళు కాబట్టి ఈసారి వేళ దాటినా గంట మోగనిదే ఒక్కరూ కదల్లేదు. పెద్ద టీచరమ్మ అప్పటికే స్టూలు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, గంటయ్య చెయ్యి పట్టుకుని ఉంది. భార్యను చూసి తల దించుకుంది.

భార్య స్టూలు దగ్గరికి వచ్చి, ఆయన చొక్కా పైబొత్తాం ఊడివుంటే పెట్టింది. "రేపొస్తానన్నావుగా," అంది. "సంచి సర్దిపెట్టాగా." ఆ రెండు మాటలే అంది. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

కాసేపటికి పెద్ద టీచరమ్మ ఫోన్ తీసి, "అమ్మాయికి చెప్పాలి. ఓడవాళ్ళకు కబురు పంపే దారి ఉంటుంది, కనుక్కుంటా," అంది.

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "పంపుదామమ్మా. దాచను, ఇంకేం దాస్తాను. కానీ ఇప్పుడే వద్దు. ఇన్నాళ్ళకు ఓడెక్కింది. తర్వాతి గంట కొట్టేదాకా దాన్నలా నవ్వుతూ పోనీండి."

తరగతి గదుల్లోంచి చిన్న సణుగుడు మొదలైంది. ఆమె అటు చూసింది. లేచి, గంట దగ్గరికి వెళ్ళి తాడు అందుకుంది. ఎన్నడూ ముట్టుకున్నది కాదు, కానీ ఎన్నేళ్ళుగానో వింటున్నదే. ఆపకుండా గణగణ కొట్టింది, ఆయన కొట్టినట్టే. తలుపులు తెరుచుకున్నాయి. పిల్లలు బయటికి వచ్చారు, ఎందుకో ఎవరూ పరుగెత్తలేదు.

ఆమె చెయ్యి వదిలేశాక కూడా ఆ తెల్లతాడు చాలాసేపు ఊగింది, చివర్లో నల్లబడిన ఆ తప్పు ముడితో సహా.