ఎంత పెద్ద అక్షరాలు

రేపు మా ఆయనకు గొంతు ఆపరేషన్. స్వరపేటిక తీసేస్తారు, ఇక మాటలుండవు. తెల్లారి జహీరాబాద్ నుంచి హైదరాబాద్ బయలుదేరాలి. ఈయనేమో పొద్దుటి నుంచీ ఫోనులో, పలకలా రాసి చూపించే టాబ్లెట్లే వెతుకుతున్నాడు. కాగితంలా కనిపించే ఈ-ఇంక్ తెర కావాలట. ఒకదానికి వెలుగెక్కువ, ఇంకోదాంట్లో అక్షరాలు సన్నం, అన్నిటికీ వంకలే.

నాకు ఒళ్లు మండింది. "రాసుడు రేపటి సంది ఉండనే ఉన్నది! ఇయ్యాలన్న జర నాతోని మాట్లాడరాదా?" అని అరిచాను.

ఆయన ఫోను పక్కన పెట్టాడు.

"రాసేది నేనే గని, సదివేది నువ్వే గదనే భాగీరథీ," అన్నాడు బొంగురుగా. "తెర మెరిస్తే నీ కండ్లకు నీళ్లొస్తయి. చెప్పు, అక్షరాలు ఎంత పెద్దగుండాలె?"

ఆ గొంతుతో ఇంకోసారి అడుగుతాడని, నేను జవాబు చెప్పలేదు.