ఎత్తు పెంచిన బండి

టెక్సస్ తీరంలోని ఆ ఊళ్లో ఎవరు ఇల్లు మారినా హార్లన్ నడుమే విరిగేది. పికప్ ట్రక్కు ఉన్న పాపానికి, శనివారమైతే చాలు, బీరు డబ్బాలు పట్టుకుని ఎవరో ఒకరు గుమ్మంలో ప్రత్యక్షమయ్యేవారు. "ఒక్క సోఫానే తమ్ముడూ!" అనేవారు. ఆ ఒక్క సోఫా వెనక ఫ్రిజ్జూ, మంచాలూ, బీరువాలూ బారులు తీరేవి. కాదనడం అతనికి చేతకాదు.

చివరికి ఓ ఉపాయం తట్టింది. బండిని షెడ్డుకు తోలి, ట్రాక్టరు టైర్లంత టైర్లు వేయించి, వెనక తొట్టి మనిషి భుజం దాకా వచ్చేలా లేపించాడు. ఇక సామాను ఎవడెత్తుతాడో చూద్దాం!

"ఎక్కడానికి నిచ్చెన కావాలి. నీకేమన్నా పిచ్చా?" అంది భార్య డార్లా.

"దర్జా అంటే నీకేం తెలుసే!" అన్నాడు మీసం దువ్వుతూ.

ఆ శనివారం ఒక్కడూ రాలేదు. ఆదివారం చర్చి నుంచి వస్తూ, దర్జా చూపించుకుందామని వెల్మా అత్తయ్య ఇంటి ముందు ఆగాడు. సముద్రం పొంగినా నీళ్లు రాకుండా ఆ వీధిలో ఇళ్లన్నీ స్తంభాల మీదే ఉంటాయి. అత్తయ్య వసారాలో నిలబడి బండిని ఎగాదిగా చూసింది.

"కాస్త వెనక్కి తియ్యి నాయనా... ఇంకాస్త... ఆఁ, చాలు!"

తొట్టి వసారా నేలకు సమానమైన ఎత్తులో, సరిగ్గా దాని అంచుకు ఆనింది.

"సామాను మెట్లు దింపే పనే లేదు, తోస్తే చాలు!" అంటూ అత్తయ్య పక్కింటికి కేకేసింది. "ఒసే రోవీనా, నీ పియానోకి బండి దొరికిందే! వీధిలో అందరికీ చెప్పు!"