హుకుం లేని చాటింపు

వరిగడ్డి మంట మీద డప్పును తిప్పి తిప్పి కాస్తున్నాడు ఉప్పలయ్య. మంచుకు మెత్తబడ్డ తోలు బిగిసిందో లేదో బొటనవేలితో మీటి చూశాడు. వంగిన నడుము, డప్పు తాడు రాసుకుని కాయకట్టిన భుజం. మామూలప్పుడు అతన్నెవరూ పట్టించుకోరు గానీ, డప్పు మోగిందంటే ఊరంతా చేతిలో ముద్ద చేతిలోనే ఉంచుకుని చెవులు రిక్కిస్తుంది. డప్పు మీద పడ్డ మాట సర్కారు మాట.

పోలీసు చర్య జరిగి ఏడాది దాటింది. రాబోయే బడ్జెట్టులో ఈ ఊరికి దవాఖాన వస్తుందని మొన్న ఎండాకాలం రెవెన్యూ అధికారి గిర్దావరే చాటించాడు. ఆ రోజు అక్క సైదమ్మ గడప ముందు ఉప్పలయ్య ఒక దరువు ఎక్కువే వేశాడు. ఆ రోజుల్లో సర్కారు లెక్కల ఏడాది మొదలయ్యే దసరాకు బడ్జెట్టు రానే వచ్చింది. అందులో పోలీసు చౌకీలకు డబ్బుంది, దవాఖానకు లేదు. సర్కారు వారికి జనం దగ్గు కన్నా జనం అలికిడే ఎక్కువ వినబడినట్టుంది.

జ్వరంతో, దగ్గుతో మూలపడ్డ సైదమ్మను సూర్యాపేట తీసుకుపోతానంటే ఆమె వినదు.

"మనూర్లనే దవాఖాన వస్తుంటే గంత దూరం ఎందుకు తమ్మీ?"

"రాదే అక్కా. పైసలియ్యలేదట."

"డప్పు గొట్టి సెప్పినదాన్ని నోటితోని కాదంటే నమ్మాల్నా?" అని నవ్వింది, నవ్వలేక దగ్గింది.

డప్పు లేని మాట చెల్లదని ఊరికి నేర్పింది ఉప్పలయ్యే.

ఆ ఉదయం గిర్దావరు చౌకీ కట్టే సంగతి చాటమన్నాడు. ఉప్పలయ్య చేతులు కట్టుకున్నాడు.

"దొరా, దవాఖాన రాదని గూడ ఓ మాట సాటియ్యనా?"

"రానిదానికి చాటింపేందిరా? సర్కారు ఇచ్చేది చెప్తది, ఇయ్యంది చెప్పదు. హుకుం లేకుండ డప్పు మీద పుల్ల పడ్డదో, నీ మాన్యం ఖతం."

డప్పు కొట్టినందుకు ఇచ్చిన ఆ మాన్యం భూమి మీదే ఇల్లు గడుస్తోంది. అందుకే ఇన్నాళ్లూ నోరు మూసుకున్నాడు. వాడవాడా చౌకీ సంగతి చాటి, మధ్యాహ్నానికి సైదమ్మ గడప ముందుకొచ్చి ఆగాడు. లోపల దగ్గు తెరిపి లేకుండా వినిపిస్తోంది. మాన్యం పోతే పోనీ అనుకుని పుల్ల ఎత్తాడు.

"దవాఖాన రాదహో! ఈ యేడు రాదహో!"

సైదమ్మ ద్వారబంధం పట్టుకుని వచ్చింది. సర్కారు మాట కదా, కొంగు తలమీదికి లాక్కుని చివరిదాకా విన్నది.

"గట్లనా! అయితే బండి కట్టియ్యి తమ్మీ" అంది.

సూర్యాపేట దారిలో చివ్వెంల ఊరు దాటకముందే, తమ్ముడి ఒడిలో ఆమె దగ్గు ఆగింది. నిద్రపట్టిందనుకుని ఉప్పలయ్య బండిని మెల్లగా తోలమన్నాడు. కొంతదూరం పోయాక దుప్పటి సర్దబోతే చెయ్యి చల్లగా తగిలింది. దసరానాడే కొట్టి ఉంటే? ఆ ఒక్క దరువుకు భయపడ్డందుకు తన్ను తాను తిట్టుకుంటూ బండిలోనే భోరుమన్నాడు.

మట్టి చేసి వచ్చాక ఆమె గుడిసెలో దీపం పెట్టబోయాడు. సర్కారు దవాఖానలో మందు పోయించుకోవాలంటే సీసా మనమే పట్టుకుపోవాలి. గూట్లో, ఎండాకాలం చాటింపు విన్ననాడే ఆమె బూడిదతో తోమి, మూతికి చీరపేలిక బిగించి, చేతికి తగిలించుకునేందుకు తాడు కూడా కట్టిన ఖాళీ సీసా ఉంది.